చూసినవాళ్లు 'చూడలేదు' అనడం వెనుక

పట్టపగలు నడిరోడ్డు మీద హత్య జరుగుతుంది. చుట్టూ ఉన్న దుకాణాల వాళ్లంతా 'మేం చూళ్లేదండీ' అంటారు. ధైర్యం చేసి చెప్పిన ఒకరిద్దరూ కోర్టులో అడ్డం తిరుగుతారు. దీన్ని పిరికితనమని కొట్టిపారేయడం అన్యాయం. ఈ భయం చాలా పాతది.

1855లో మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసలపై ఓ కమిషన్ నివేదిక ఇచ్చింది. నేటి కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. శిస్తు వసూలు చేసే తహసీల్దారు చేతిలోనే పోలీసు అధికారమూ ఉండేది. శిస్తు రాబట్టాలన్నా, నేరం ఒప్పించాలన్నా చేతులను చెక్కల మధ్య బిగించి నొక్కేవారు, మనిషిని వంచి కట్టేసేవారు. ఈ పద్ధతులకు తెలుగులో ఏ పేర్లున్నాయో కూడా నివేదిక నమోదు చేసింది. హింసకు ఊళ్లో వాడుకపేరు ఉందంటే అదెంత మామూలైపోయిందో తెలుస్తుంది.

పోలీసును చట్టం రాసినవాళ్లే నమ్మలేదు. పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకున్నా చెల్లదని 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. సాక్షి చెప్పింది పోలీసులు రాసుకుంటారు, కానీ దాని మీద అతని సంతకం తీసుకోకూడదు. తీరా విచారణలో డిఫెన్స్ లాయరు ఆ కాగితమే పట్టుకుని 'అప్పుడు ఇలా చెప్పలేదే' అని నిలదీస్తాడు.

అక్కడిదాకా వెళ్లడమే ఒక శిక్ష. వాయిదా మీద వాయిదా పడుతుంది, రోజు కూలి పోతుంది. సాక్షికి కోర్టులో కూర్చునే చోటు, తాగడానికి గ్లాసు నీళ్లు కూడా లేవని 2000లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టే బాధపడింది.

అయినా జనం ముందుకు రారనడం నిజం కాదు. 1991లో చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపిన కేసుకు ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. బాధితుల పక్షం వాళ్లు సాక్ష్యం చెప్పారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. అన్నేళ్లు నిలబడ్డ సాక్షులకు ఆ తీర్పు ఎంత బరువో ఊహించగలం.

2018 డిసెంబరులో మహేందర్ చావ్లా కేసులో సాక్షుల రక్షణ పథకాన్ని సుప్రీంకోర్టు దేశమంతటా అమల్లోకి తెచ్చింది. 2024 జులై నుంచి అమలైన కొత్త నేర విచారణ చట్టం, నాగరిక్ సురక్షా సంహిత, 398వ సెక్షన్ ఇలాంటి పథకం ప్రతి రాష్ట్రానికీ ఉండాలంటోంది. 2018 పథకంలో రక్షణ ఇవ్వాలా వద్దా అని తేల్చేది జిల్లా జడ్జి నాయకత్వంలోని కమిటీ. ఇచ్చినా ఒక్కోసారికి మూడు నెలలు మించదు. సాక్షికి ముప్పు ఎంతుందో అంచనా వేసి ఆ కమిటీకి నివేదిక రాసేది మాత్రం డీఎస్పీ స్థాయి పోలీసు అధికారే.