పాత సంగీత మందిరాల పునరుద్ధరణ: అపోహలు – వాస్తవాలు

అపోహ: పాత హాలు నాదమంతా ముదిరిన చెక్కలోనే ఉంటుంది.

ఎక్కువ భాగం కొలతల్లో, బరువైన గారలో ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని కాన్‌సర్ట్‌ఖెబౌ (1888) అనే సంగీత మందిరం ప్రధాన హాలు పొడవు సుమారు 44 మీటర్లు, వెడల్పు 28, ఎత్తు 17. ఖాళీగా ఉన్నప్పుడు అక్కడ నాదం అణగడానికి 2.8 సెకన్లు పడుతుంది, జనం నిండితే 2.2. ఆ తేడా మనుషులు, బట్టలు పీల్చుకున్నది. అందుకే పునరుద్ధరణలో హాలును చెడగొట్టేది తరచుగా కొత్త కుర్చీలే. మందపాటి ఫోమ్ వేస్తే సంగీతం పొడిబారుతుంది. ఆర్డర్ ఇచ్చేముందే నమూనా కుర్చీలను ల్యాబ్‌లో ఖాళీగా ఒకసారి, మనుషుల్ని కూర్చోబెట్టి ఒకసారి పరీక్షించాలి. నడవల్లో కార్పెట్ వద్దు. రాలిన సున్నపు గార స్థానంలో పల్చటి జిప్సం బోర్డు బిగిస్తే అది కంపించి మంద్రస్వరాలను మింగేస్తుంది.

అపోహ: వేదిక కింద కాంక్రీటు పోస్తే గట్టిదనమే తప్ప నష్టం లేదు.

న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో 1986 మరమ్మతుల తర్వాత ధ్వని మారిందని ఫిర్యాదులు వచ్చాయి. 1995లో వేదిక చెక్కలు విప్పితే కింద కాంక్రీటు కనబడింది. తీసేశారు.

అపోహ: నూరేళ్లు నిలిచిన పునాదికి ఢోకా లేదు.

కాన్‌సర్ట్‌ఖెబౌ 2,186 చెక్క పైల్స్ (నేలలోకి దించిన పునాది స్తంభాలు) మీద కట్టింది. నీటిలో మునిగి ఉన్నంతకాలం చెక్క పదిలం. భూగర్భజలం దిగి గాలి తగిలితే బూజు పట్టి కుళ్లుతుంది. 1980లలో కట్టడం కుంగుతోందని గుర్తించి పునాది మార్చాల్సి వచ్చింది. ఇలాంటి చోట పైల్స్‌ను సుత్తితో దిగగొడితే గార పగులుతుంది. పొట్టి ముక్కలుగా జాకీతో నొక్కి దించాలి. గోడ బరువు కొత్త దూలాల మీదికి పూర్తిగా మారాకే తవ్వకం.

అపోహ: కొత్త భాగం పాతదాన్ని అనుకరించాలి.

కాన్‌సర్ట్‌ఖెబౌలో ఆర్కిటెక్ట్ పీ డె బ్రౌన్ పాత ఇటుక కట్టడం పక్కన గాజు విభాగం కట్టారు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 1876 నాటి సంగీత మందిరానికి హెర్జోగ్ అండ్ డి మ్యూరాన్ అనే ఆర్కిటెక్ట్ సంస్థ 2020లో ముగించిన విస్తరణలో పాత ముఖభాగం రూపాన్నే చెక్కలో మలిచారు. రెండూ సరైనవే. రూపం గురించి ఏళ్ల తరబడి వాదిస్తారు కానీ, రెండు కట్టడాల మధ్య వదలాల్సిన సందు గురించి అడిగేవారు తక్కువ. లిఫ్టులు, ఏసీ యంత్రాలు కొత్త వైపుకి పోతే హాలుకు మేలే, వాటి కంపనం గోడ దాటి రాకపోతే. సందులో ఒక్క కాంక్రీటు పెళ్ల ఇరుక్కున్నా కంపనానికి వంతెన దొరికినట్టే. మూతపెట్టే ముందు టార్చి వేసి పై నుంచి కింది దాకా చూడాలి. సందు దాటే పైపులు, డక్టులన్నిటికీ అక్కడ మెత్తటి అతుకులే వేయాలి.