పదహారణాల వాటా నుంచి షేరు ముక్క దాకా

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో మొబైల్ దుకాణం నడుపుతున్న ఒక కుర్రాడు మొన్న తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. "బాబాయ్, వెయ్యి రూపాయలకి ఆపిల్ షేరు కొన్నాను, చూడండి" అన్నాడు. షేర్ల సంఖ్య దగ్గర 0.04 అని ఉంది. ఆ సంబరంలోనే ఇంకో మాట అడిగాడు. "అమెరికా షేరు ముక్క దొరుకుతోంది, మరి మన టైర్ల కంపెనీ ఎంఆర్ఎఫ్ ముక్క ఎందుకు దొరకదు?"

మంచి ప్రశ్న. ఎంఆర్ఎఫ్ షేరు 2023 జూన్ 13న లక్ష రూపాయలు దాటింది. మన దేశంలో ఆ మెట్టు ఎక్కిన మొదటి షేరు అదే. కావాలంటే ఒకటి మొత్తంగా కొనాలి, లేదంటే ఊరుకోవాలి.

వాటాను ముక్కలు చేయడం మన వాళ్లకు తెలియని సంగతి కాదు. అగ్రహారాల్లో వృత్తులు, అంటే భూమి వాటాలు, అర వృత్తి, పావు వృత్తిగా చేతులు మారేవి. బియ్యం మిల్లులో, సినిమా హాల్లో భాగస్వాములు రూపాయిని పదహారణాలుగా లెక్కపెట్టి "నాది రెండణాల వాటా" అనేవారు. 1957లో నయాపైసలు వచ్చి అణాలు పోయినా ఆ మాట పోలేదు. ముక్క ఎంత చిన్నదైనా దస్తావేజులో పేరు ఉండేది. పేరు లేనివాడి వాటా దగ్గరే తగాదాలు పుట్టేవి.

కంపెనీ షేరు అలా కాదు. దాన్ని ఇద్దరు ముగ్గురు ఉమ్మడి పేర్ల మీద ఉంచుకోవచ్చు గానీ, చెరి సగం చేసి విడివిడిగా రాయించుకోలేరు. ఓటయినా, లాభంలో పంచే డివిడెండయినా లెక్క షేరుతోనే మొదలవుతుంది. అయినా ముక్కలు పుడుతూనే ఉంటాయి. కంపెనీ రెండు షేర్లకు ఒక షేరు బోనస్‌గా, అంటే ఉచితంగా ఇచ్చినప్పుడు ఏడు షేర్లున్న వాడికి మూడున్నర రావాలి. రెండు కంపెనీలు కలిసినప్పుడూ ఇదే చిక్కు. అలాంటి అరలూ పావులూ అన్నీ ఒకచోట పోగుచేసి, ఒక ట్రస్టీ చేత అమ్మించి, ఎవరి భాగం డబ్బు వాళ్లకు పంపించడం మన కంపెనీల అలవాటు. అంటే ముక్కను గుర్తించి డబ్బుగా మార్చారు, షేరుగా మాత్రం ఉండనివ్వలేదు.

కాగితం సర్టిఫికెట్ల రోజుల్లో ఒక షేరు కొనడం కూడా గగనమే. యాభయ్యో వందో కలిపిన లాటుగానే మార్కెట్లో బేరం జరిగేది. మా మేనమామ దగ్గర ఒక కంపెనీవి నూట ముప్పై షేర్లుండేవి. వంద సులువుగా పోయాయి. మిగిలిన ముప్పై "ఆడ్ లాట్" అని బ్రోకరు ధర తగ్గించి అడిగాడు. చివరికి ఆ ధరకే ఒప్పుకుని షేర్లు పేరు మార్చే ట్రాన్స్‌ఫర్ డీడ్ రిజిస్టర్డ్ పోస్టులో పంపితే, సంతకం కలవలేదని తిరిగొచ్చింది. ఆ టెన్షన్‌లో ఆయన మళ్లీ షేర్ల జోలికి పోలేదు.

1996లో డిపాజిటరీల చట్టం వచ్చింది. డిపాజిటరీ అంటే మన షేర్లను మన పేరు మీద కంప్యూటర్ ఖాతాలో ఉంచే సంస్థ. అలాంటి ఎన్ఎస్‌డీఎల్ ఆ ఏడాదే మొదలైంది. ఆ కాగితం లేని డీమ్యాట్ ఖాతాతో లాటు వందనుంచి ఒకటికి దిగింది. నా లెక్కలో చిన్న మదుపరికి జరిగిన అతిపెద్ద మేలు ఇదే. రాయగడ పక్కన జేకేపూర్ కాగితం మిల్లును రోజూ చూస్తూ తిరిగేవాళ్లు ఇవాళ ఆ కంపెనీ షేరు ఒక్కటంటే ఒక్కటి కొనుక్కోగలరు. షేరు మీద రాసే ముఖవిలువ పది రూపాయలో వందో ఉండాలన్న నిబంధనను 1999లో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ సడలించింది. దాంతో షేరును చీల్చి రెండు రూపాయలకో రూపాయికో తెచ్చి ధర అందుబాటులో ఉంచడం కంపెనీలకు సులువైంది. ఎంఆర్ఎఫ్ ఆ దారిన పోలేదు, అందుకే ధర అంత ఎత్తున ఉంది.

అమెరికాలోనూ ఖరీదైన షేరే ఈ కథను కదిలించింది. వారెన్ బఫెట్ నడిపిన బెర్క్‌షైర్ హాథవే కంపెనీ షేరు సామాన్యుడికి అందనంతగా పెరిగితే, దాన్ని చిన్న యూనిట్లుగా చేసి అమ్మే ట్రస్టులు పెట్టబోయారు. వాటికి అడ్డుకట్టగా 1996లో బఫెట్ అసలు షేరులో ముప్పయ్యో వంతు విలువతో బి తరగతి షేర్లు తెచ్చాడు. 2019 చివరినుంచి ఆన్‌లైన్ బ్రోకర్లు ఒకరి వెనక ఒకరు ముక్కల అమ్మకం మొదలుపెట్టారు. ఇందులో షేరు నిజంగా చీలదు. మొత్తం షేరు బ్రోకరు వ్యవస్థలో ఉంటుంది, మన 0.04 బ్రోకరు పుస్తకంలో ఒక పద్దు. బ్రోకరును మారిస్తే మొత్తం షేర్లు కొత్త ఖాతాకు వెళ్తాయి, ముక్కను మాత్రం మామూలుగా అమ్మి డబ్బిస్తారు.

మనవాళ్లకు ఆ దారి తెరిచింది రిజర్వు బ్యాంకు 2004లో తెచ్చిన రెమిటెన్స్ పథకం, అంటే విదేశాలకు డబ్బు పంపుకునే అనుమతి. పరిమితి మొదట ఏడాదికి 25,000 డాలర్లు, ఇప్పుడు 2,50,000. దేశంలోపల మాత్రం 2022లో కేంద్రం వేసిన కంపెనీ లా కమిటీ ఫ్రాక్షనల్ షేర్లను, అంటే షేరు ముక్కలను అనుమతించాలని సిఫారసు చేసింది. అన్ని కంపెనీలకూ కాదు, కొన్ని తరగతులకు, అదీ డీమ్యాట్ రూపంలోనే. ఆ షరతు నాకు నచ్చింది. ముక్క బ్రోకరు పుస్తకంలో కాక డిపాజిటరీలో మన పేరు మీద ఉండాలి.

మా జిల్లాల్లో దీని విలువ చెప్పనక్కర్లేదు. ఒడిశాలో చిన్నచిన్న మొత్తాలు పోగుచేసిన కంపెనీలు కూలినప్పుడు, జనం చేతిలో రంగురంగుల బాండు కాగితాలు మిగిలాయి. వాటి వెనక ఏ ఆస్తి ఎవరి పేరున ఉందో ఎవరికీ తెలియదు. 2014 మేలో సుప్రీంకోర్టు ఒడిశాలోని 44 కంపెనీల వ్యవహారాన్ని సీబీఐకి అప్పగించింది. అమెరికా బ్రోకర్లను వాటితో పోల్చను, అక్కడ గట్టి నియంత్రణ ఉంది. కానీ అడగాల్సిన ప్రశ్న అదే: ఆస్తి ఎవరి పేరున ఉంది?

కుర్రాడికి రెండు సంగతులు చెప్పాను. మ్యూచువల్ ఫండు యూనిట్లు మూడు దశాంశాల దాకా ముక్కలుగా వస్తాయి, ఎంఆర్ఎఫ్ ఉన్న ఫండు కొంటే ఆ షేరులో పరోక్షంగా పిసరంత భాగం దొరికినట్టే. రెండోది, విదేశీ షేరు ముక్క ఎంత చిన్నదైనా ఐటీ రిటర్నులో విదేశీ ఆస్తులు రాసే షెడ్యూల్ ఎఫ్ఏలో చూపించాలి. దుకాణం ఆదాయానికి తను వేసే ఐటీఆర్-4లో ఆ షెడ్యూలే ఉండదు, ఐటీఆర్-3 వేయాలి. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షలు దాటకపోతే, చూపనందుకు వేసే పది లక్షల జరిమానా 2024 అక్టోబరునుంచి లేదు. చూపించే బాధ్యత మాత్రం పోలేదు.

"వెయ్యి రూపాయలకి ఇంత కథుందా బాబాయ్?" అన్నాడు. తర్వాత యాప్‌లో స్టేట్‌మెంట్ తెరిచాడు. షేరు ఎవరి దగ్గర ఉందో రాసిన వరుస వెతుక్కుంటూ ఇద్దరం కిందికి జరుపుకుంటూ పోయాం.