సాల్మన్ నది: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, సాల్మన్ నది మీద వేసవిలో రాఫ్టింగ్ గైడ్‌గా పనిచేస్తున్నాను. ఏడేళ్లయింది. ఈమధ్య సియాటిల్ నుంచి, బే ఏరియా నుంచి తెలుగు కుటుంబాలు కూడా బాగానే వస్తున్నాయి. లైఫ్ జాకెట్ బకిల్స్ బిగిస్తుండగానే ప్రశ్నలు మొదలవుతాయి. అన్నీ నెట్‌లో చదివిన కథల గురించే. ఆ కథల్లో చాలావాటి వల్ల ఈ లోయలో బతికిన మనుషులకు అన్యాయం జరిగిందని నాకు గట్టిగా అనిపిస్తుంది. అందుకే రాస్తున్నాను.

అపోహ: ఈ నదికి ఉన్న 'తిరిగిరాని నది' అనే పేరుకు అర్థం, వెళ్లినవాళ్లు ప్రాణాలతో తిరిగి రారని.

తిరిగి రానిది మనిషి కాదు, పడవ. రోడ్లు లేని రోజుల్లో గనులకు యంత్రాలు, పిండి బస్తాలు, ఇనుప పొయ్యిలు అన్నీ సాల్మన్ పట్టణం నుంచి స్వీప్ బోట్లలోనే దిగువకు వెళ్లేవి. ముప్పై అడుగుల పైన పొడవు, అడుగుభాగం చదును, పచ్చి పలకలతో కొట్టిన పెద్ద పెట్టె అనుకోండి. ముందొకటి, వెనకొకటి పొడవాటి తెడ్లు. మధ్యలో వేసిన బల్ల మీద నిలబడి వాటిని తిప్పుతారు. ఈ తెడ్లు పడవను ముందుకు నడపవు, ఆ పని ప్రవాహానిది. పడవను పక్కకు జరిపి రాళ్ల మధ్య సందులో పెట్టడం వరకే వాటి పని. నీళ్లు ఎటు లాగుతాయో పది గజాల ముందే కనిపెట్టాలి, ఆలస్యమైతే రాయికి కొట్టేస్తుంది. హ్యారీ గులికీ అనే సరంగు దశాబ్దాల పాటు ఇదే పనిలో బతికాడు. దిగువకు చేరాక ఎదురు ప్రవాహంలో ఆ పడవను లాక్కురావడం ఎవరి తరమూ కాదు కాబట్టి, అక్కడే విప్పి కలపగా అమ్మేసేవారు. ఆయన మాత్రం చుట్టుదారిన ఇంటికొచ్చి ఇంకో పడవ కట్టుకునేవాడు. మా గోదావరి మీద కూడా వెదురు తెప్పల్ని రాజమండ్రి దాకా తేల్చుకొచ్చి, విప్పి అమ్మేవారని మా తాతయ్య చెప్పేవారు. నాకు ఆ పేరు అర్థమైంది అలాగే. ఇప్పుడు జెట్ బోట్లు ఎదురెక్కి కూడా వెళ్తాయి.

అపోహ: తెల్లవాళ్లు వచ్చేదాకా ఇక్కడ మనుషులే లేరు.

1805 ఆగస్టులో విలియం క్లార్క్ అనే తెల్ల అన్వేషకుడు ఈ నది వెంట కొంతదూరం దిగి, ఉధృతి చూసి వెనక్కి తిరిగాడు. ఆయనకు దారి చూపించింది ఎవరు? షోషోనీ అనే ఇక్కడి ఆదివాసీ జాతికి చెందిన ఒక ముసలాయన. ఈ లోయ సంగతి ఆయన జాతికి ముందే తెలుసు. షోషోనీల్లోనే ఒక శాఖ అయిన టుకుడెకాలు, అంటే తెల్లవాళ్లు షీప్‌ఈటర్స్ అని పిలిచినవాళ్లు, ఈ కొండల్లోనే ఉండేవారు. కొండగొర్రె కొమ్మును వేడిచేసి, సాగదీసి విల్లు చేసే పనితనం వాళ్లది. 1879లో లూన్ క్రీక్ దగ్గర ఐదుగురు చైనా గని కార్మికులను ఎవరో చంపారు. సరైన ఆధారం లేకుండానే నేరం టుకుడెకాల మీద మోపి సైన్యాన్ని పంపారు. ఆ అక్టోబరులో లొంగిపోయింది సుమారు 50 మంది, అందులోనూ ఆడవాళ్లు, పిల్లలే ఎక్కువ. చివరికి ఫోర్ట్ హాల్ రిజర్వేషన్‌కు, అంటే ఆదివాసులకు ప్రభుత్వం కేటాయించిన ప్రాంతానికి, చేర్చారు. ఇప్పటికీ మా క్యాంపు ఇసుక మేటల పక్కన వాళ్ల ఇళ్ల గుంతలు కనిపిస్తాయి, గుండ్రంగా, గడ్డి మొలిచి. పిల్లల్ని వాటిలోకి దిగి ఆడనివ్వను.

అపోహ: ఈ నదికి ఎప్పుడూ డ్యామ్ కట్టలేదు.

కట్టారు. 1910లో పైభాగాన సన్‌బీమ్ డ్యామ్ లేచింది. 1934లో ఒక పక్కన పేల్చేసి నదికి దారి ఇచ్చారు. ఇప్పుడు 425 మైళ్లూ ఆనకట్ట లేకుండా పారుతోంది. కానీ సముద్రం నుంచి వచ్చే చేపకు దిగువన స్నేక్, కొలంబియా నదుల మీద ఎనిమిది డ్యాములు అడ్డం. 1992లో ఈ నది ఎగువన ఉన్న రెడ్‌ఫిష్ లేక్‌కు తిరిగొచ్చిన సాకై రకం సాల్మన్ చేప ఒకే ఒక్కటి.

అపోహ: బక్‌స్కిన్ బిల్ చదువులేని అడవిమనిషి, మనుషులంటే గిట్టదు.

అసలు పేరు సిల్వన్ హార్ట్. ఓక్లహామాలో కాలేజీ చదువు చదివినవాడు. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1932లో, ఈ నది ఒడ్డున ఫైవ్ మైల్ బార్ అనే చోటికి వచ్చి స్థిరపడ్డాడు. తుపాకీ గొట్టం నుంచి రాగి గిన్నెల దాకా తన చేత్తోనే చేసుకునేవాడు, జింకతోలు బట్టలు కుట్టుకునేవాడు. పడవలో ఎవరొచ్చినా కూర్చోబెట్టి కబుర్లు చెప్పేవాడు. ప్రభుత్వంతో పేచీ వచ్చినప్పుడు రాతి బురుజు కట్టాడు, అది ఇంకా ఉంది. ఆయన పోయింది 1980లో. అదే ఏడాది వచ్చిన చట్టంతో చుట్టూ ఉన్న సుమారు 23 లక్షల ఎకరాలు రక్షిత అరణ్యం అయ్యాయి.

అపోహ: ఇక్కడ స్థిరపడినవాళ్లంతా తెల్లవాళ్లే.

1870 జనాభా లెక్కల ప్రకారం, ఇంకా రాష్ట్రం కాని ఐడహో టెరిటరీలో 14,999 మంది. అందులో 4,274 మంది చైనా వాళ్లు. అంటే ప్రతి వందమందిలో 28 మంది. తెల్లవాళ్లు వదిలేసిన గనుల్లో మిగిలిన బంగారం ఏరుకున్నారు, ఈ నది ఉపనది సౌత్ ఫోర్క్ పక్క వాలు మీద మెట్లు మెట్లుగా మడులు కట్టి కూరగాయలు పండించి వారెన్ గని శిబిరానికి అమ్మారు.

అపోహ: ఈ నది ఒడ్డున బతికిన చైనా మహిళ పాలీ బెమిస్‌ను ఆమె భర్త పేకాటలో గెలుచుకున్నాడు.

అందరూ అడిగేది ఇదే. నేనూ మొదటి రెండు వేసవులూ ఈ కథే చెప్పాను. గెస్టులు నోరు తెరుచుకుని వినేవారు. తర్వాత చరిత్రకారులు రాసింది చదివాక చాలా బాధేసింది. ఆ కాలపు కాగితాల్లో ఎక్కడా దీనికి ఆధారం లేదు.

తెలిసిన సంగతి ఇది. పాలీ 1853లో చైనాలో పుట్టింది. ఆమెను అమ్మేశారు, చేతులు మారి 1872లో వారెన్‌కు వచ్చింది. ఆడపిల్లల పాదాలు పెరగకుండా గుడ్డలతో బిగించే చైనా ఆచారం ప్రకారం చిన్నప్పుడు పాదాలు కట్టేసిన గుర్తులు జీవితాంతం ఉన్నాయి. 1880 జనాభా లెక్కల నాటికే, తర్వాత భర్త అయిన చార్లీ బెమిస్ ఇంట్లో ఆమె పేరు ఉంది. 1890లో జూదం తగాదాలో ఒకడు చార్లీ ముఖం మీద కాల్చాడు. దగ్గరుండి సేవ చేసి బతికించుకుంది పాలీ. పేకాట కథ ఈ జూదం గొడవలోంచే పుట్టి ఉంటుందని నా అనుమానం. 1894లో పెళ్లి చేసుకుని నది ఒడ్డుకు మారారు. చైనా వాళ్లంతా నివాస పత్రం పెట్టుకోవాలని చట్టం ఉండేది. అన్నేళ్లు ఇక్కడే ఉన్నా 1896లో ఆమె కూడా ఆ కాగితం తీసుకోవాల్సి వచ్చింది.

1922లో ఇల్లు కాలిపోయింది, అదే ఏడాది చార్లీ పోయాడు. కొన్నాళ్లు వారెన్‌లో ఉండి 1924లో మళ్లీ నది దగ్గరకే వచ్చేసింది, డెబ్బై ఏళ్ల వయసులో. అవతలి ఒడ్డున ఉండే చార్లీ షెప్, పీట్ క్లింక్‌హామర్ ఆమెకు కొత్త ఇల్లు కట్టి పెట్టారు. బదులుగా తన తర్వాత ఆ భూమి వాళ్లకు రాసింది. నది మీదుగా రెండిళ్లకూ టెలిఫోన్ తీగ ఉండేది, దానిమీదే ఒకరినొకరు పలకరించుకునేవారు. చేపలు పట్టింది, కోళ్లను పెంచింది, తోట చూసుకుంది. పేకాట కథలో ఆమె పందెంలో పెట్టిన వస్తువు. ఇక్కడ నాకు కనిపించేది మాత్రం ఇల్లూ వాకిలీ ఇరుగుపొరుగూ ఉన్న మనిషి.

1933 ఆగస్టులో ఆమె కుప్పకూలి ఉండగా పొరుగువాళ్లు చూసి గ్రేంజ్‌విల్ ఆసుపత్రికి చేర్చారు. నవంబరు 6న అక్కడే పోయింది. అదే ఊళ్లో పాతిపెట్టారు. 1987లో ఆమె అస్థికలను తెచ్చి నది ఒడ్డున ఉన్న ఆమె ఇంటి పక్కనే సమాధి కట్టారు. ఇల్లు ఇప్పుడు చిన్న మ్యూజియం. ఒడ్డున రాఫ్ట్ కట్టగానే అందరినీ ముందు ఆ సమాధి దగ్గరకే తీసుకెళ్తాను.