పిన్ని నాలుకకు పరీక్ష

"ముక్క నోట్లో పెడితే చాలు, ఐసు చేపో కాదో చెప్పేస్తాను" అంటుంది మా పిన్ని. ఏళ్ల తరబడి తెల్లారకముందే విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లే మనిషి. కాదనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. మొన్న ఆదివారం నేను పందెం కట్టాను. ఆ పొద్దున పడిన వంజరం మూడు ముక్కలు, ఐసులో ఉంచిన వంజరం మూడు ముక్కలు, ఒకే మసాలా, ఒకే పెనం. ఏది ముందు పెట్టాలో చీటీలు తీసి తేల్చాం. తాజావి మూడని పిన్నికి చెప్పాం, ఏవో తను చెప్పాలి.

పద్ధతి నాది కాదు. కప్పులో పాలు ముందు పోశారో టీ ముందు పోశారో రుచి చూసి చెబుతానన్న ఒకావిడకి ఎనిమిది కప్పులతో పెట్టే పరీక్షను గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ 1935లో తన పుస్తకంలో వివరించాడు. తిరకాసేమిటంటే, లెక్క పిన్ని పక్షాన మొదలవదు. "ఈవిడకేమీ తెలీదు, ఊరికే ఊహిస్తోంది" అనుకునే మొదలెట్టాలి. అదే శూన్య పరికల్పన. (ఆ మాట పిన్ని ముందు అనలేదు.)

ఆరింట్లో మూడు ఎంచుకునే దారులు 20. గుడ్డిగా ఎంచినా 20లో ఒక వంతు అవకాశం, అంటే 5 శాతం, మూడూ సరిగ్గా తగలడానికుంది. మూడూ చెబితే పీ విలువ అదే. పిన్ని బుకాయిస్తోందనడానికి 5 శాతం అవకాశం ఉందని దానర్థం కాదు. చాలామంది జారిపడేది ఇక్కడే. బుకాయిస్తోందనే అనుకుంటే, ఇలాంటి ఫలితం ఎంత అరుదో చెప్పే అంకె అది. ఇది వట్టి ఊహ కాదని ఒప్పుకోవడానికి లెక్కలవాళ్లు గీసే గీత కూడా 5 దగ్గరే, వట్టి ఆనవాయితీ.

పిన్ని రెండు చెప్పి ఒకటి తప్పింది. "ఆ ముక్క నువ్వు మాడ్చేసావు, నాకు తెలీదేటి?" అంది.

రెండు చెప్పి ఒకటి తప్పే దారులు 9, మూడూ చెప్పే దారి 1. పీ విలువకి వచ్చిన ఫలితాన్నీ, అంతకన్నా మంచిదాన్నీ కలిపి లెక్కేయాలి. 20లో 10, బొమ్మా బొరుసే! అలాగని పిన్నికి రుచి తెలియదని తేలిపోలేదు. శూన్య పరికల్పనను తోసెయ్యలేకపోయాం, అంతవరకే. వట్టి ఊహను ప్రజ్ఞ అనుకోవడం మొదటి రకం దోషం, ఉన్న ప్రజ్ఞను గుర్తించకపోవడం రెండో రకం. ఒక్క పొరపాటుకీ చోటివ్వని నా ఆరు ముక్కల పరీక్ష రెండోదానికి తలుపు బార్లా తీసి పెట్టింది. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి, 1948లో ఇలాంటి పరికల్పనలను పరీక్షించే స్కోర్ టెస్ట్ అనే పద్ధతిని కనిపెట్టిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు తిరిగిన ఊళ్లో ఇలాంటి పరీక్ష పెట్టడం నాకే సిగ్గనిపించింది.

చెరి ఆరు, మొత్తం పన్నెండు ముక్కలైతే దారులు 924. తాజావాటిలో ఒకటి తప్పినా పీ విలువ 37/924, సుమారు 4 శాతం. పిన్ని సరేనంది. వంజరం డబ్బులు మాత్రం నన్నే పెట్టుకోమంది.