బోరు నీళ్లకు తగ్గ చేపలు

ఒడిశాలో పర్లాకిమిడిలోనో, గుణుపురంలోనో, రాయగడలోనో రంగు చేపల కొట్టుకు వెళ్తే ప్లాస్టిక్ కవర్లో కలిపి కట్టి ఇచ్చేస్తారు: రెండు గోల్డ్‌ఫిష్‌లు, నాలుగు నియాన్ టెట్రాలు, ఒక ఏంజెల్, అద్దం శుభ్రం చేస్తుందని చెప్పి ఓ నల్ల సక్కర్. ఆ సాయంత్రమే తొట్టెలో నీళ్లు నింపి, నీలం రంగు గులకరాళ్లు పోసి, చేపల్ని వదిలేస్తారు. నెల తిరక్కుండా తొట్టె అటకెక్కుతుంది. "మా ఇంటికి చేపలు అచ్చిరావండీ" అంటారు.

అచ్చిరాకపోవడానికి కారణం ఇంట్లో లేదు, ఆ కవర్లోనే ఉంది. గోల్డ్‌ఫిష్‌ది చల్లని నీళ్ల వంశం. నియాన్ టెట్రా అమెజాన్ నది పైభాగంలో, సున్నం దాదాపు లేని, కాస్త పులుపు తేలిన నీళ్లలో పుట్టింది. 26 డిగ్రీలు దాటితే దానికి కష్టం. ఏంజెల్ పెద్దదయ్యాక ఆ నియాన్‌లనే మింగుతుంది. సక్కర్ మాత్రం దేన్నైనా తట్టుకుంటుంది గానీ అడుగున్నర దాకా పెరుగుతుంది. వీటన్నిటినీ ఒక్క తొట్టెలో సుఖంగా ఉంచడం ఎవరి వల్లా కాదు.

కాబట్టి చేపల్ని చూడకముందు మన ఇంట్లో నీళ్లేమిటో చూసుకోవాలి. కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంటే అది కఠిన జలం. కాల్షియం, మెగ్నీషియం, వాటితోపాటు బైకార్బనేట్ కరిగి ఉన్నాయన్నమాట. బోరు నీళ్లలో ఇంకో చిక్కుంది. భూమిలోపల ఒత్తిడిలో ఉన్నప్పుడు వాటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఉంటుంది. పైకి వచ్చాక అది గాలిలోకి పోతుంది, దాంతో పీహెచ్, అంటే నీళ్లలో పులుపు తగ్గే కొద్దీ పెరిగే అంకె, పైకి పోతుంది. అందుకే బోరు నీళ్లను పట్టిన వెంటనే పరీక్షిస్తే ఒక అంకె, ఒక రాత్రి బకెట్లో ఉంచి పరీక్షిస్తే ఇంకో అంకె కనిపిస్తుంది. లెక్కలోకి తీసుకోవాల్సింది రెండోది. మున్సిపాలిటీ కుళాయి నీళ్లయితే బ్లీచింగ్ వాసన పోయేదాకా ఒక రోజు మూత లేకుండా ఉంచాలి. తొందరైతే చిటికెడు హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, కలిపితే క్లోరిన్ క్షణాల్లో విరిగిపోతుంది.

నీళ్లను చేపకు తగ్గట్టు మార్చడానికి మందులు అమ్ముతారు. నా అభిప్రాయంలో అది దండగ పని. తొట్టెలో కొన్ని నీళ్లు ప్రతి వారం మార్చాలి, ప్రతి వారం ఆ తంతు ఎవరు చేస్తారు? నీళ్లను బట్టి చేపను ఎంచుకుంటే ఆ టెన్షనే ఉండదు.

తొట్టె మూడడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, అడుగుంబావు ఎత్తు ఉంటే మేలు. లెక్కకు 132 లీటర్లు. ఇసుక, రాళ్లు పోను నికరంగా 110 దాకా నీళ్లు పడతాయి. చిన్నది తేలిక అనుకుంటారు గానీ నీళ్లు తక్కువైన కొద్దీ వేడీ, విషమూ త్వరగా పెరుగుతాయి. మొత్తం బరువు 150 కిలోలు దాటుతుంది కనుక చెక్క టీపాయ్ మీద పెట్టొద్దు. కిటికీ ఎండ నేరుగా పడే చోటూ వద్దు.

ఇక అడుగు మట్టి. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే వరి పండించే ఊళ్లవాళ్లకు ఈ శాస్త్రం సగం తెలిసే ఉంటుంది. నీళ్లు కట్టిన మడిలో పైన కొన్ని మిల్లీమీటర్ల మట్టికే ఆక్సిజన్ అందుతుంది. ఆ కింద ఉన్న ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు తొందరగానే వాడేస్తాయి. ఆ తర్వాత అవి ఆక్సిజన్‌కు బదులుగా నైట్రేట్‌నూ, మాంగనీసునూ, ఇనుమునూ వాడుకోవడం మొదలుపెడతాయి. మన ఎర్రమట్టిలో ఎరుపంతా తుప్పు రూపంలో ఉన్న ఇనుమే. మామూలుగా అది నీళ్లలో కరగదు, మొక్కకు అందదు. ఆక్సిజన్ లేని చోట అది కరిగే రూపంలోకి మారుతుంది, తుప్పును పట్టుకుని ఉన్న ఫాస్ఫేట్ కూడా విడుదలవుతుంది. మరి ఊపిరాడని ఆ బురదలో వేరు ఎలా బతుకుతుంది? వరి కాండంలో గాలి గొట్టాల్లాంటి ఖాళీలు ఉంటాయి. ఆకుల నుంచి ఆక్సిజన్ వాటి గుండా వేళ్లదాకా దిగి, కొంత బయటికి కారుతుంది కూడా. మడిలోంచి ఒక దుబ్బు పీకి కడిగితే వేళ్ల మీద ఇటుక రంగు పొర కనిపిస్తుంది చూడండి, అది వేరు వదిలిన ఆక్సిజన్‌తో ఇనుము మళ్లీ తుప్పు పట్టిన గుర్తు. తొట్టెలో నీటి మొక్కల వేళ్ల దగ్గర జరిగేదీ ఇదే.

అందుకని ఖరీదైన దిగుమతి మట్టి అక్కర్లేదు. యూరియా, పేడ తగలని పెరటి ఎర్రమట్టిని జల్లించి ఒక అంగుళం పరచాలి. పైన కడిగిన ఏటి ఇసుక మరో అంగుళం. ఇసుక మీద నిమ్మరసం పిండి చూడండి. నురగ వస్తే అందులో గుల్లలో, సున్నమో ఉన్నట్టు, ఆ ఇసుక వద్దు. మట్టి మందం మాత్రం పెంచొద్దు. లోతు ఎక్కువైతే కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది.

మొక్కలకు వెలుతురు చాలదని అందరూ అనుకుంటారు. నిజానికి ఎక్కువగా చాలనిది కార్బన్. గాలిలో కంటే నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. సిలిండర్ బిగించి గ్యాస్ ఎక్కించేది అందుకే. అయితే కొన్ని మొక్కలు గ్యాస్ కోసం ఎదురుచూడవు, నీళ్లలోని బైకార్బనేట్ నుంచే కార్బన్ లాగేసుకుంటాయి. మన చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా నాచు, రిబ్బన్ ఆకుల వల్లిస్నేరియా ఆ రకం. గిన్నెలో తెల్లపొర కట్టి విసిగించే బోరు నీళ్లే వీటికి ఆహారం. వెలుతురు బాగా తగిలే రోజుల్లో ఆకుల మీద సున్నపు పొర పేరుకోవడం కూడా కనిపిస్తుంది. కాస్త నీడగా ఉండే మూలకు క్రిప్టోకొరైన్, రాయికి దారంతో కట్టడానికి జావా ఫెర్న్ చాలు. జావా ఫెర్న్ కాండాన్ని ఇసుకలో పాతితే కుళ్లుతుంది. మొదటి రోజే మొక్కలు దట్టంగా నాటాలి, లైటు రోజుకు ఏడెనిమిది గంటలు మించకూడదు. పల్చగా నాటి పద్నాలుగు గంటలు లైటు వేస్తే పెరిగేది పచ్చ పాచి. అంతరతామర, గుర్రపుడెక్క అందంగా ఉన్నాయని పైన వేస్తే కిందికి వెలుతురే దిగదు.

చేపా మొక్కా కలిసి ఒకదాన్నొకటి పోషించుకుంటాయని తొట్టె పెట్టి చూపించినవాడు లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్. 1850లో ఆయన తన ప్రయోగాన్ని వెల్లడించాడు. రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లు, కొంచెం మట్టీ ఇసుకా, మొక్క మన వల్లిస్నేరియానే. కొన్నాళ్లకు రాలిన ఆకులు కుళ్లి నీళ్లు చెడడం మొదలైతే నత్తల్ని వేశాడు, నీళ్లు తేరుకున్నాయి. ఆయనకు తెలియని నాలుగో పాత్ర ఒకటి ఆ తొట్టెలో ఉంది. 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాద్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త దాన్ని వేరుచేసి చూపించాడు: అమ్మోనియాను తిని బతికే బాక్టీరియా.

చేప మొప్పల నుంచీ, మిగిలిపోయిన మేత నుంచీ అమ్మోనియా పుడుతుంది. ఒక జట్టు బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో జట్టు నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం. నైట్రైట్ రక్తాన్ని గోధుమరంగుకు తిప్పి ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. నైట్రేట్ కొంతవరకు పర్వాలేదు, మొక్కలకు అది ఎరువే. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియా ఉండవు, స్థిరపడడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. కఠిన జలం ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి, ఆ నీళ్ల పీహెచ్ సాధారణంగా ఎక్కువ. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విష రూపంలో ఉండేది అర శాతం పైచిలుకు. పీహెచ్ 8 అయితే అది ఐదు శాతం దాటుతుంది. అంటే అదే మురికి, దాదాపు పది రెట్ల విషం.

కాబట్టి మొక్కలు నాటి, స్పాంజ్ ఫిల్టర్ ఆన్ చేసి, చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనివ్వాలి. పాత తొట్టె ఉన్న స్నేహితుడు ఫిల్టర్ స్పాంజ్ ముక్క ఇస్తే సగం పని అయిపోయినట్టే, బాక్టీరియా దాన్ని పట్టుకునే ఉంటాయి. చుక్కల మందు కిట్‌తో చూస్తే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావాలి, అప్పటిదాకా ఓపిక పట్టాలి. ఆ స్పాంజ్‌ను ఎప్పుడూ కుళాయి కింద కడగొద్దు. క్లోరిన్ తగిలితే బాక్టీరియా పోతాయి. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

ఇక చేపలు. ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెంచే జీబ్రా చేప మన దేశపు చేపే. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో దాన్ని వర్ణించాడు. చిన్న వాగుల్లో, వరి మడుల్లో తిరిగే ఆ నీలి చారల చేపకు మన నీళ్లూ, మన వేడీ కొత్త కాదు. మూడడుగుల తొట్టెకు ఎనిమిది జీబ్రాలు, తర్వాత ఆరు టిక్టో బార్బ్‌లు సరిపోతాయి. టిక్టో బార్బ్ అంటే పిల్లలు తుండుగుడ్డతో పట్టే పరిగెల జాతే, ఒంటి మీద రెండు నల్ల చుక్కలుంటాయి. చివర్లో ఒక జత చారల గౌరామి. ఇసుకలో దూరే చిన్న లోచ్‌లు నాలుగైదు ఉంటే అడుగున మిగిలిన మేత వాటికి పోతుంది. నెత్తి మీద తెల్ల చుక్క మెరిసే పాంచాక్స్ దోమ పిల్లల్ని ఇష్టంగా తింటుంది గానీ బయటికి ఎగిరి పడుతుంది, మూత ఉంటేనే వేయాలి. ఒక్కో గుంపు వేశాక రెండు వారాలు ఆగితే పెరిగిన మురికికి తగ్గట్టు బాక్టీరియా కూడా పెరుగుతాయి.

కొట్లో ఇవి దొరక్క పొలం కాలువలో పట్టేవాళ్లు అక్కడ పురుగుమందు కొట్టారేమో కనుక్కోవాలి. పట్టినవాటిని నెల రోజులు వేరే తొట్టెలో ఉంచి చూడాలి, పేనులూ పురుగులూ వాటితోపాటే వస్తాయి. అడవి శాఖ పరిధిలోని గెడ్డల జోలికి మాత్రం పోవద్దు. పెంచలేకపోయిన కొట్టు చేపల్ని వంశధారలోనో, నాగావళిలోనో వదలడం అంతకన్నా తప్పు. ఆంధ్రాలో చేపల చెరువుల రైతుల్ని ఏడిపిస్తున్న దెయ్యం చేప ఇంకేదో కాదు, ఈ సక్కరే. కత్తిరించిన మొక్కల్ని కూడా కాలువలో పారేయకుండా ఎండబెట్టి పెరట్లో వేయండి.

ఎండాకాలంలో నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 దగ్గర ఏడున్నరే. రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటాయి కనుక తెల్లవారుజామున అది అన్నిటికన్నా తక్కువ. ఆ వేళ చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఎయిర్ పంప్ రాత్రంతా నడపాలి. గౌరామి మాత్రం ఎప్పుడూ పైకొచ్చి గాలి మింగుతుంది, దాని తలలో అందుకోసం ఒక అవయవమే ఉంది. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరయ్యే కొద్దీ రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. గాలి పొడిగా ఉండే రాయగడ వైపు ఇది బాగా పనిచేస్తుంది, బరంపురం సముద్రపు ఉక్కపోతలో అంతగా కాదు.

2013 అక్టోబర్లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబర్లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాయి. అలాంటప్పుడు కరెంటు రోజుల తరబడి పోతుంది. మొక్కలు దట్టంగా ఉండి చేపలు తక్కువ ఉన్న తొట్టె దాన్ని తట్టుకోగలదు, మేత వేయకుండా ఉంటే. ఎదిగిన చేపలు వారం పస్తున్నా వాటికి ఏమీ కాదు. బ్యాటరీ ఎయిర్ పంప్ ఉంటే స్పాంజ్ ఫిల్టర్‌కే తగిలించండి, బాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి. అది లేకపోతే ఒక లోటాతో నీళ్లు ముంచి అడుగు ఎత్తు నుంచి తిరిగి పోస్తూ ఉండండి, ముఖ్యంగా తెల్లవారుజామున.