చలికాలం టైర్లు: జర్మనీ చట్టంలో తేదీ ఎందుకు లేదు?

జర్మనీలో కారు కొన్న తెలుగువాళ్లకు మొదటి అక్టోబరులోనే టెన్షన్ మొదలవుతుంది. టైర్లు ఎప్పుడు మార్పించాలి? అక్కడివాళ్లను అడిగితే ‘ఓ నుంచి ఓ దాకా’ అంటారు. అక్టోబరు నుంచి ఓస్టర్న్ దాకా అని. ఓస్టర్న్ అంటే ఈస్టర్. ఇది జనం పెట్టుకున్న లెక్కే. చట్టంలో వెతికితే తేదీ దొరకదు. కెనడాలోని క్యుబెక్‌లో అలా కాదు. మంచు పడినా పడకపోయినా డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు చలికాలం టైర్లు ఉండి తీరాలి.

ఈ టైర్లు పుట్టింది ఫిన్లండ్‌లో. ఇప్పుడు నోకియన్ అని పిలిచే కంపెనీ 1934లో లారీలకు, 1936లో ‘హక్కపెలీట్టా’ పేరుతో కార్లకు వీటిని తెచ్చింది. జర్మనీలో కాంటినెంటల్ 1952లో మొదలుపెట్టింది. 1960లలో మేకులు దిగేసిన టైర్లకు గిరాకీ వచ్చింది. మంచు మీద పట్టు బాగానే ఉండేది కానీ, అవి రోడ్లను గీకి పాడుచేశాయి. 1975లో జర్మనీ వాటిని నిషేధించింది.

ఇక మిగిలింది రబ్బరు, దాని మీది గాళ్లు. ఎండాకాలం టైరు రబ్బరు చలికి గట్టిపడి పట్టు వదిలేస్తుంది. 7 డిగ్రీల కంటే తగ్గితే మార్చుకోమనేది అందుకే, అదీ ఉజ్జాయింపు లెక్కే అనుకోండి. చలికాలం టైరు చలిలోనూ మెత్తగా ఉంటుంది. గాళ్ల మధ్య ఉబ్బెత్తుగా ఉండే రబ్బరు దిమ్మల మీది సన్నటి చీలికలు మంచును కరిచి పట్టుకుంటాయి. అదే టైరుతో జూన్‌లో తిరిగితే త్వరగా అరుగుతుంది, బ్రేకు వేసినా కారు ఆలస్యంగా ఆగుతుంది.

చట్టం మాత్రం తడబడుతూ నడిచింది. 2006లో ‘వాతావరణానికి తగిన టైర్లు’ ఉండాలన్నారు. తగినవంటే ఏవి? చెప్పలేదు. 2010 జులైలో ఓల్డెన్‌బుర్గ్ పైకోర్టు, ఇంత అస్పష్టమైన నిబంధనతో జరిమానా వేయడం రాజ్యాంగానికి విరుద్ధమంది. దాంతో ఆ డిసెంబరులోనే కొత్త నిబంధన తెచ్చారు. రోడ్డు మీద గడ్డకట్టిన నీరు, జారే మంచు, బురద మంచు, నూగు మంచు అంటూ ఒక్కోటీ విడమరిచి రాశారు. మనకైతే అన్నిటికీ ‘మంచు’ ఒక్కటే మాట! తేదీలు మాత్రం అప్పుడూ పెట్టలేదు. రోడ్డు ఎలా ఉందన్నదే లెక్క. అందుకే ఎండాకాలం టైర్లతో ఉన్న కారును మంచులో ఆపి ఉంచితే తప్పు కాదు, నడిపితేనే తప్పు. జరిమానా 60 యూరోలు, లైసెన్సు ఖాతాలో తప్పు కింద ఒక పాయింటు.

2018 నుంచి తయారయ్యే చలికాలం టైరు మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు గుర్తు ఉండాలి. ‘ఎం ప్లస్ ఎస్’ (బురద, మంచు అని) అక్షరాలు మాత్రమే ఉన్న పాత టైర్లకు ఇచ్చిన గడువు 2024 సెప్టెంబరుతో తీరింది. గాడి లోతు మాత్రం ఇప్పటికీ 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు. పక్కనున్న ఆస్ట్రియాలో 4 కావాలి. మ్యూనిక్ నుంచి సాల్జ్‌బుర్గ్‌కు బయల్దేరిన కారుకు 3 మిల్లీమీటర్లే మిగిలి ఉంటే, సరిహద్దు దాటగానే అది చలికాలం టైరు లెక్కలోకే రాదు.