ఓరుగల్లు కోట ఒక పటంలో, వేయిస్తంభాల గుడి మరో పటంలో

సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లను (నేల తీరు, ఏర్లు, బాటలు, ఊళ్లు చూపే పటాలను) సేకరించే వరంగల్ వాసికి మొదట ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, ఓరుగల్లు కోట, హనుమకొండ వేయిస్తంభాల గుడి ఒకే షీటులో దొరకవు. 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం గుడికి కొన్ని వందల మీటర్ల దక్షిణంగా పోతుంది. షీట్ల అంచు కూడా అదే కావడంతో కోట 56 ఓ/9లోనూ, గుడి 56 ఎన్/12లోనూ పడ్డాయి. 56 అనేది నాలుగు డిగ్రీల చదరపు గడి. దానిని ఏ నుంచి పి వరకు 16 గడులుగా, ఒక్కో గడిని మళ్లీ 16 షీట్లుగా విభజించారు. నిలువు వరుసల్లో పైనుంచి కిందికి లెక్కించడం తెలిస్తే ఏ ఊరి షీటు నంబరైనా ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు.

ఈ పటాలలో దండు నడిచే బాట, ఏరు దాటే రేవు, తాగునీటి బావి అంత శ్రద్ధగా కనిపించడానికి కారణం సైన్యం అవసరాలే. 1802లో మద్రాసు దగ్గర సైనిక సర్వేయరు లాంబ్టన్ కొలిచిన ఆధార రేఖతో మొదలై, త్రిభుజాల లెక్కతో దూరాలు తేల్చే త్రికోణమితి సర్వే నిజాం రాజ్యం మీదుగా ఉత్తరానికి సాగింది. కృష్ణా గోదావరుల నడుమ అడవులలో ఆ సర్వే కోసం పనిచేసిన జార్జ్ ఎవరెస్ట్ విషజ్వరం బారిన పడి 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్లి కోలుకోవలసి వచ్చింది. సైన్యం కోసం గీసినవి కనుకనే ఇవి చాలాకాలం అందరికీ అందలేదు. రక్షణ శాఖకు ఒక శ్రేణి, ప్రజలకు మరొక శ్రేణి అని 2005 పటాల విధానం విడదీసింది. అంతకుముందే, అమెరికా సైన్యపు పటాల విభాగం 1950లలో 1:2,50,000 స్కేలులో ముద్రించిన భారతదేశ పటాలను టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టింది. మన చెరువుల కోసం టెక్సాస్ తలుపు తట్టడం విడ్డూరమే.

పటం చేతికొచ్చాక మొదట చూడవలసింది అంచున ఉన్న సర్వే సంవత్సరం. ముద్రణ సంవత్సరం దానికి చాలా ఏళ్ల తర్వాతిది కావచ్చు. అంచు చిరిగిపోతే రైలు పట్టాలు సాక్ష్యం చెబుతాయి. కాజీపేట నుంచి బల్లార్షా వైపు లైను 1929లో పూర్తయింది కాబట్టి, విజయవాడ వైపు పట్టాలుండి ఉత్తరాన పెద్దపల్లి మీదుగా ఏమీ లేని పటం అంతకుముందు సర్వే చేసినదే అయి ఉంటుంది.

స్కానింగులో మెలకువ ఒక్కటే: గుడ్డ మీద అతికించిన మడత పటాన్ని రోలర్ల యంత్రంలోకి నెట్టకూడదు, మడతల దగ్గర కాగితం పెచ్చులూడుతుంది. మైలుకు అంగుళం స్కేలున్న పటాన్ని 400 డీపీఐలో (అంగుళానికి 400 చుక్కలతో) తీస్తే ఒక్కో పిక్సెలుకు నేల మీద సుమారు 4 మీటర్లు వస్తుంది, ఊరి చెరువు కట్టను గుర్తుపట్టడానికి అది చాలు.

అసలు పని ఆ తర్వాతది. బొమ్మను భూమి మీద దాని చోట కూర్చోబెట్టడాన్ని జియోరెఫరెన్సింగ్ అంటారు. పాత షీట్ల అక్షాంశ రేఖాంశాలు 1830 నాటి ఎవరెస్ట్ దీర్ఘవృత్తజం, అంటే భూమి ఆకారానికి ఎవరెస్ట్ కట్టిన లెక్క, ఆధారంగా లెక్కించినవి. నేటి జీపీఎస్ వాడే భూమి ఆకారపు లెక్క, డబ్ల్యూజీఎస్ 84, వేరు. ఈ తేడాను పట్టించుకోకుండా షీటు నాలుగు మూలల అంకెలనూ నేరుగా ఎక్కిస్తే మన ప్రాంతంలో ప్రతి గుడీ, బావీ వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతాయి. కాబట్టి మూలలను ఎవరెస్ట్ లెక్కలోనే గుచ్చి, మార్పిడిని క్యూజీఐఎస్ వంటి పటాల సాఫ్ట్‌వేర్‌కు వదలాలి. తేమకు సాగి, ఎండకు ముడుచుకున్న కాగితపు వంకర మాత్రం మిగిలే ఉంటుంది. దాన్ని సరిచేయడానికి రైలు వంతెన, పాత గుడి, గుట్ట మీద త్రిభుజం గుర్తు వంటి కదలని ఆనవాళ్లు కావాలి. వాగు మలుపును, చెరువు నీటి అంచును నమ్మితే మోసపోతాము.

ఇంత శ్రమా ముఖ్యంగా ఆ చెరువుల కోసమే. దిగువ మానేరు జలాశయం కింద మునిగిన ఊళ్లూ, నగరం కమ్మేసిన కుంటలూ పాత షీట్లలో ఇంకా తమ చోటే ఉన్నాయి. అయితే నీలం రంగు మేర అంతా పూర్తి నీటిమట్టం అనుకోవడం తొందరపాటు. అది సర్వే చేసినవారికి కనిపించిన నీరు. కట్ట రెండు కొనలు ఎక్కడున్నాయో, కట్ట పక్కన ఆర్ అక్షరంతో రాసిన అంకె ఎంతో చూడాలి. ఆ అంకె చుట్టుపక్కల నేల నుంచి కట్ట ఎంత ఎత్తో చెబుతుంది. ఆ కొనల మధ్య గీతను గ్రామ నక్షాలోని శిఖం (చెరువు గర్భపు భూమి) సర్వే నంబర్ల మీద పరిచి చూస్తే, ఏ ఇల్లు చెరువులో ఉందో, ఏది ఒడ్డున ఉందో చాలావరకు తేలుతుంది.